విరగని చుక్క

“పొద్దున్న పాలు పిండేటప్పుడు లేని జొరం, మధ్యాహ్నం కుడితి పెట్టే వేళకి ఎక్కణ్ణించి వస్తుందిరా నీకు?”

పిచ్చేశ్వరరావుగారిది కేకలు వేసే తత్వం కాదు. గొడ్లసావిడి గుమ్మంలో నిలబడి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అడిగారు. లోపల గడ్డిమోపుల పక్కన గోనెపట్టా కప్పుకుని పడుకున్న పాలేరు తోమాసు లేవబోయాడు. రాట పట్టుకుని నిలబడ్డాడు. బయట చైత్రమాసపు ఎండకి కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. తోమాసు పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి.

“వస్తందయ్యా. నా చేతిలో లేదు.”

“మలేరియా వాళ్ళొచ్చి వేలు పొడిచి నెత్తురు పట్టుకెళ్ళారుగా? ఏమన్నారు?”

“ఏం లేదన్నారయ్యా.”

“ఏం లేదన్నారు.” ఆయన ఆ మాటే మళ్ళీ అని గేదెల వరస చూశారు. కుడితి తొట్లు ఎండిపోయి ఉన్నాయి. చివరి గేదె వెనక, నెలలు నిండకుండా పడిపోయిన దూడ గోతం కింద ఉంది. చలికాలం మొదలైనప్పటినించీ సూడిగేదెలు ఒకదాని తర్వాత ఒకటి ఇలాగే ఈసుకుపోతున్నాయి. “గొడ్లు చూస్తే ఇట్లా, నువ్వు చూస్తే అట్లా. రేపట్నించి జకరయ్యని రమ్మన్నాను. జొరం తగ్గేదాకా ఇంటిదగ్గర పడుకో.”

జకరయ్య తోమాసుకి స్వయానా బావమరిది.

తోమాసు వెంటనే వెళ్ళిపోలేదు. ఈసుకుపోయిన గేదెకి మాయ పడలేదు. తోక ఎత్తిపెట్టుకుని ముక్కుతోంది. మోచేతి దాకా ఆముదం పట్టించుకుని, వణుకుతున్న ఎడమచేతిని దాని నడుం మీద ఆనించి, కుడిచెయ్యి లోపలికి పెట్టాడు. మాయని పట్టి లాగకూడదు. గుండీలు విప్పినట్టు ఒక్కొక్క ముడీ వేలికొసలతో విడదీస్తూ రావాలి. మొత్తం ఊడివచ్చాక దాన్నీ దూడనీ తట్టలోకి ఎత్తి, దొడ్డి వెనక గొయ్యి తీసి పూడ్చాడు. పంటకాలవలో చేతులు కడుక్కుని ఇంటిదారి పట్టాడు.

భార్య సువార్తమ్మ అప్పుడే రైతుల ఇళ్ళల్లో కారం దంపుళ్ళు ముగించుకుని వచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతోంది. అతన్ని చూసి, “తమ్ముణ్ణి పెట్టుకున్నారంటగా,” అంది.

“ఊఁ.”

ఆమె గంజిలో ఉప్పుకల్లు వేసి ముందు పెట్టింది. అతను తాగుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“మావా, దేవుడి సాక్షిగా చెప్పు. జొరమేనా? పని మీద మనసు పోవట్లేదా?”

కామందు మాటకంటే ఈ మాట ఎక్కువ తగిలింది. తెల్లవారేసరికి చెమటతో తడిసి ముద్దయిన పంచె పిండి ఆరేసేది ఆమే. కానీ అదే పొద్దున అతను పెళ్ళికొడుకులా లేచి పనిలోకి పోవడం చూసేది కూడా ఆమే. ఊరంతా అనే మాట ఆమె నోటికీ వచ్చింది. తోమాసు గంజిచిప్ప కింద పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వారంలోనే పశువుల డాక్టరు శివరామయ్య చల్లపల్లి నించి సైకిలు మీద వచ్చాడు. గుడివాడ వైపు కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. సైకిలు హ్యాండిల్‌కి ఒక పక్క సూదుల పెట్టె, ఇంకోపక్క ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కు వేలాడుతున్నాయి.

“ఇది దిష్టీ కాదు, గాలీ కాదండీ రావుగారూ,” అన్నాడు సావిడంతా తిరిగి చూసి. “ఈసుడు రోగం. ఒకదాన్నించి ఒకదానికి పాకుతుంది. పైకి చూస్తే రోగం ఉన్న గేదే లేని గేదే ఒక్కలాగే ఉంటాయి. నెత్తురు చూస్తేగానీ తెలీదు.”

జకరయ్య పలుపు పట్టుకుంటే గేదెలు నిలవలేదు. ఒకటి అతన్ని రాటకేసి అదిమింది. పిచ్చేశ్వరరావుగారు తోమాసుకి కబురంపారు. పొద్దుటి పూట కాబట్టి తోమాసు నిటారుగానే నడిచి వచ్చాడు. ఒక్కొక్క గేదె దగ్గరికీ పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళి, ముక్కుతాడు పట్టి తల పక్కకి తిప్పి, మెడ చుట్టూ తాడు బిగించేవాడు. నరం బొటనవేలంత లావున పైకి తేలేది. “ఓలమ్మా, ఓలమ్మా, అయిపోయిందే,” అని చెవి దగ్గర అంటుంటే డాక్టరు సూది గుచ్చి నెత్తురు గాజుగొట్టంలోకి పట్టేవాడు. గొట్టాలన్నిటినీ వేపచెట్టు కింద ఇసకతట్టలో ఏటవాలుగా పేర్చారు. ఎండ ముదిరేసరికి నెత్తురు అడుగున గడ్డకట్టి, పైన నువ్వులనూనె రంగు తేట నిలిచింది.

డాక్టరు గళ్ళు గీసిన గాజుపలక తీశాడు. ఒక్కో గడిలో ఒక్కో గేదె తేట చుక్క వేసి, దాని పక్కన ఫ్లాస్కులోని సీసా నించి వంకాయరంగు మందు చుక్క వేశాడు. పుల్లతో రెండూ కలిపి, పలకని అటూ ఇటూ మెల్లగా ఊపాడు. మొదటి గడిలో రంగు నున్నగా, నీలిమందు కలిపిన నీళ్ళలా అలాగే ఉండిపోయింది. రెండో గడిలో ముందు సన్నటి నలకలు కనిపించాయి. చూస్తుండగానే పాలు విరిగినట్టు రంగంతా గుంపులు కట్టి, మధ్యలో వట్టి తేట నీళ్ళు మిగిలాయి.

“ఈ మందులో రోగపు పురుగులు చచ్చినవి ఉన్నాయండీ. రోగం తగిలిన నెత్తుర్లో దానికి విరుగుడు పుట్టి ఉంటుంది. ఆ విరుగుడు ఈ పురుగుల్ని చూడగానే ఎగబడి పట్టుకుని గుంపు కట్టేస్తుంది. చుక్క విరిగిందంటే రోగం ఉన్నట్టు. విరక్కపోతే లేనట్టు.”

ఒకదాని తర్వాత ఒకటి చుక్కలు విరుగుతూ పోయాయి. మందలో సగానికి సగం. పెద్దాయన ఏ గేదెకి ఏమైందో అడగడం మానేసి, తువ్వాలు ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుండిపోయారు.

అప్పటికి మధ్యాహ్నమైంది. గొట్టాలు కడగడానికి నీళ్ళు పోస్తున్న తోమాసు చేతిలో చెంబు వణికి నీళ్ళు పక్కకి పడ్డాయి. శివరామయ్య తలెత్తి చూశాడు.

“ఏం, ఒంట్లో బాగుండలేదా?”

“రోజూ ఇంతేలెండి బాబూ.”

“మధ్యాహ్నం జొరం, రాత్రి చెమటలు. నడుం విరగ్గొట్టినట్టు నొప్పి. అంతేనా?”

తోమాసు చెంబు కింద పెట్టేశాడు. “మీకెట్టా తెలుసు బాబూ?”

“ఈ మాయలన్నీ తీసింది నువ్వేనా? వట్టి చేతుల్తో?”

“చేతుల్తోనేగా బాబూ తీసేది.”

డాక్టరు పెట్టెలో మడిచిపెట్టుకున్న తన రబ్బరు తొడుగుల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. “మనుషుల సంగతి నేను చూడకూడదు. అయినా కూర్చో,” అన్నాడు.

తోమాసు వేపచెట్టు మొదట్లో కూర్చుని చెయ్యి చాచాడు. అతని నెత్తురు గొట్టం కూడా గేదెల గొట్టాల పక్కనే ఇసకలో నిలబెట్టారు. తేట ఊరేదాకా అతను గోనెపట్టా కప్పుకుని దాన్నే చూస్తూ ఉన్నాడు. ఆ తేట గాజుపలక చివరి గడిలో పడింది. వంకాయరంగు మందు కలిసింది. డాక్టరు పలక ఊపడం మొదలుపెట్టీ పెట్టకముందే చుక్క విరిగింది.

పెద్దాయన లేచి వచ్చి వంగి చూశారు.

“చూశారా అయ్యా!” తోమాసు గొంతు పైకి లేచింది. వణుకులోనే నవ్వు వచ్చింది. “ఉంది! నాకు ఉందయ్యా! నేను అబద్ధం చెప్పలేదు.”

“ఉందిరా,” అన్నారు పిచ్చేశ్వరరావుగారు మెత్తగా. “తెలీక అన్నాను. మనసులో పెట్టుకోకు.”

పక్కనే పలుపులు చుడుతున్న జకరయ్య వాటిని వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. తోమాసు అది చూశాడు గానీ పట్టించుకోలేదు. పెద్దాయన నోట అలాంటి మాట వినడం అతను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ పూట జొరంలోనే ఇంటికి దాదాపు పరిగెత్తి, సువార్తమ్మని పిలిచి సంగతంతా చెప్పాడు. ఆమె అతని కాళ్ళ దగ్గర కూలబడి, ఏడ్చి, తన చెంపలు తను వేసుకుంది. అతను ఆమె చేతులు పట్టుకుని ఆపి, “ఏడవమాకే. రోగమేగా. సోమరితనం కాదుగా,” అన్నాడు.

మర్నాడు పొద్దున డాక్టరు ఊళ్ళోనే ఉన్నాడు. తోమాసుని పిలిచి, బందరులో ఒక డాక్టరు పేరున చీటీ రాసిచ్చాడు. “సూదులు, మాత్రలు నెల పైన ఆపకుండా వాడాలి. కాస్త తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. వెంటనే వెళ్ళు.”

తోమాసు చీటీ కళ్ళకద్దుకుని తలపాగాలో దోపుకున్నాడు. అప్పుడే పెద్దాయన అరుగు మీదికి వచ్చారు.

“డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే చేస్తాను. ఉన్నవాటిని లేనివాటితో కలవనివ్వను. కృష్ణ పాయ అవతల లంకలో నాకు మేత ఉంది, పాక ఉంది. ఉన్నవాటిని అక్కడికి తోలేస్తాను.”

“మంచి పనండీ.”

“కానీ మనిషి కావాలి. జకరయ్య పోనంటున్నాడు. ఇంకెవడూ ఒప్పుకోడు. ఒప్పుకున్నా, లేనివాణ్ణి పంపి రోగం అంటించిన పాపం నాకెందుకు?” ఆయన తోమాసు వైపు తిరిగారు. “వీడికైతే ఎలాగూ ఉంది. గొడ్ల సంగతి తెలిసినవాడు. నా దగ్గర పెరిగినవాడు. జొరమొచ్చినప్పుడు పడుకుంటాడు, నేనేమీ అనను. వాడి గింజలు వాడికి కొలిపిస్తాను.”

శివరామయ్య అడ్డొచ్చాడు. “ఉన్నంత మాత్రాన మళ్ళీ అంటుకోదనేం లేదండీ. పైగా అతనికి వైద్యం జరగాలి. ఇంకా ఇంకా అందులోనే ఉంటే...”

“వైద్యానికి నేను వద్దంటానా? వానలకి లంక మునిగితే గొడ్లు ఇవతలికి వస్తాయి. అప్పుడు వెళ్తాడు. ఇప్పుడు వీడు బందరులో నెల్లాళ్ళు కూర్చుంటే అక్కడ గొడ్లకి నీళ్ళు పెట్టేదెవరు? ఇంకో మనిషిని చూసుకోవాలి. అప్పుడిక వాడే ఉండిపోతాడు. ఏరా, నువ్వే చెప్పు. నీ ఇష్టం.”

డాక్టరు తోమాసు ముఖంలోకి చూశాడు. వద్దని చెప్పు, అన్నట్టే చూశాడు. తోమాసుకి అది అర్థమైంది. కానీ ఇంట్లో గింజలు అడుగంటిన సంగతి డాక్టరుకి తెలీదు.

“వానలకి వెళ్తాలెండి బాబూ,” అన్నాడు.

శివరామయ్య రబ్బరు తొడుగుల జత తీసి అతని చేతిలో పెట్టాడు. “మాయ తీసేటప్పుడు ఇవి వేసుకో. ఆ తడిలోనే రోగం ఉంటుంది. పాలు బాగా మరిగించందే తాగొద్దు.” సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సువార్తమ్మ ఆ వార్త విని మోకరించి ప్రార్థన చేసుకుంది. పోయిన పని తిరిగొచ్చింది. అదే కామందు, అవే గొడ్లు. పాయలో మోకాలి లోతు నీళ్ళు. దాటి పోవడం ఎంతసేపు? తోమాసు గేదెల్ని నీళ్ళలోకి దించి, వాటి వెనక తనూ దిగి, అవతలి ఒడ్డున ఇసక మీదికి ఎక్కేదాకా ఆమె ఇవతలే నిలబడి చూసింది.

లంకలో పాక తాటాకులది. గాలికి ఇసక లోపలికి కొట్టేది. పొద్దున్నే గేదెల్ని మేతకి వదిలి, పేడ ఎత్తి, పొద్దెక్కేసరికి పాయలో కడిగి కట్టేసేవాడు. మధ్యాహ్నం జొరంతో మంచం మీద పడితే, నీళ్ళకి అరుస్తున్న గేదెలు కలలో అరుస్తున్నట్టుండేవి. రబ్బరు తొడుగులు అతని వేళ్ళకి బిగిసిపోయి, మొదటి మాయ తీసినప్పుడే బొటనవేలి దగ్గర చిరిగిపోయాయి. వాటిని కడిగి చూరులో దోపి, మళ్ళీ వట్టి చేతులకే ఆముదం రాసుకున్నాడు.

జకరయ్య రోజు విడిచి రోజు ఎండుగడ్డి మోపు తెచ్చి ఇవతలి ఒడ్డున పడేసి, “బావా, ఓ బావా!” అని కేకేసి, అతను నీళ్ళలో దిగకముందే వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మోపుతో పాటు ఒక గేదె కూడా ఉంది. పెద్దాయనది కాదు. పక్కూరి రైతుది. కొమ్ములకి తాడు కట్టి తుమ్మచెట్టుకి కట్టేసి ఉంది. వెనక మాయ వేలాడుతోంది.

“ఎవర్దిరా ఇది?” అని తోమాసు నీళ్ళ మధ్యనించి అరిచాడు.

“ఎవరిదైతే ఏంటి బావా, నువ్వు తీస్తావని తోలుకొచ్చారు!” గట్టు మీదినించి జకరయ్య బదులు అరిచాడు. “నీకెలాగూ ఉందిగా!”

గేదె తోమాసు వైపు చూసి అరిచింది. అతను వెళ్ళి తాడు విప్పాడు. తర్వాత అలాంటివి ఇంకా వచ్చాయి.

సువార్తమ్మ సాయంత్రాలు కూడు తెచ్చేది. ఒకనాడు వేళ కాకుండా పొద్దున్నే వచ్చింది. చేతిలో సత్తుగిన్నె కూడా లేదు.

“దంపుళ్ళకి రావద్దన్నారు మావా. ఆ ఇల్లూ ఈ ఇల్లూ అని లేదు. నీ మొగుడికి గొడ్ల రోగమంట, కారంలో చెయ్యి పెట్టమాకంటున్నారు.”

“మనిషినించి మనిషికి రాదని డాట్రుబాబు చెప్పాడే.”

“చెప్పాను. వింటారా?” ఆమె పాకంతా కలయజూసింది. ఒక మూల పేడ గుట్టగా పడి ఉంది. ఎత్తడానికి అతనికి ఓపిక ఉండడం లేదు. “పెద్దాయన దగ్గరికెళ్ళాను. ఇక్కడ పేడ ఎత్తడానికీ పిడకలు చెయ్యడానికీ ఆడమనిషి కావాలన్నారంట. నన్ను పెట్టుకోండయ్యా అన్నాను.”

“ఏమన్నారు?”

“నీకు లేదు గదే, అన్నారు. నా చేతులారా నిన్ను రోగంలోకి తొయ్యలేను, పిల్లాపీచూ లేనిదానివి, మొగుడికి కూడు పెట్టే చెయ్యి అదొక్కటీ అన్నా బావుండాలి, అన్నారు. మంచిమాటే. మరి ఆ కూడెక్కడినించి తెచ్చి పెట్టనయ్యా, అని అడగలేకపోయాను.” ఆమె చీరకుచ్చెళ్ళ తడి పిండుకుంది. “నీకొచ్చే గింజలు నీ ఒక్కడికే బొటాబొటి. నేనేం తినను మావా?”

తోమాసు ఇసకలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

వైశాఖం మధ్యలో శివరామయ్య మళ్ళీ వచ్చాడు. పక్కూళ్ళనించి లంకకి చేరిన గేదెల నెత్తురు పట్టడానికి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని పాయ దాటాడు. తోమాసుని చూసి ముందు ఆనవాలు పట్టలేదు. దవడలు లోపలికి పోయాయి. పలుపు పట్టుకున్న చెయ్యి మాత్రం అంతకుముందులాగే గట్టిగా ఉంది.

“బందరు వెళ్ళలేదా?”

“వానలకి వెళ్తానండి.”

డాక్టరు చూరులో ఉన్న రబ్బరు తొడుగుల్ని చూశాడు. బొటనవేలి దగ్గరి చిరుగులోంచి ఆకాశం కనిపిస్తోంది.

తేట ఊరే వేళకి సువార్తమ్మ పాయ దాటి వచ్చింది. నుదుటిమీద చెమట తుడుచుకుని, డాక్టరు ఎదట చెయ్యి చాపి నిలబడింది.

“నాకూ చూడండి బాబూ.”

“ఏం, నీకూ జొరమొస్తోందా?”

ఆమె తోమాసు వైపు చూసింది. “వస్తదండి,” అంది. “అప్పుడప్పుడూ.”

అబద్ధమని తోమాసుకి తెలుసు. డాక్టరు ఆమె మోచేతి పైన గుడ్డ బిగించి నెత్తురు తీశాడు. ఆమె సూది వంక చూడలేదు. ఇసకలో నిలబెట్టిన గొట్టం దగ్గరే కూర్చుని, ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందని తోమాసుకి తెలిసింది. దేనికోసమో కూడా తెలిసింది. అతని వెన్నులోంచి చలి మొదలైంది. వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

శివరామయ్య తేట చుక్క వేశాడు. మందు కలిపాడు. పలక ఊపాడు. సువార్తమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి వంగి, కళ్ళార్పకుండా చూసింది. పక్క గళ్ళల్లో గేదెల చుక్కలు విరుగుతున్నాయి. ఆమె చుక్క నున్నగా, వంకాయరంగుగా, అటు వంచితే అటూ ఇటు వంచితే ఇటూ జారుతోంది.

“నీకు లేదమ్మా,” అన్నాడు డాక్టరు. చాలా రోజుల తర్వాత ఒక మంచి మాట చెప్పగలిగినందుకు అతని ముఖం విప్పారింది. “ఏ రోగమూ లేదు.”

“సరిగ్గా చూడండి బాబూ. ఇంకాసేపు ఊపండి.”

“ఎంతసేపు ఊపినా అంతే. సంతోషించు.”

“ఇంకో చుక్క వెయ్యండి. మందు తక్కువైందేమో.”

ఆమె గొంతు విని డాక్టరు చెయ్యి ఆగింది. ఆమెనీ, మంచం మీద వణుకుతున్న తోమాసునీ, పాక మూల పేడగుట్టనీ మార్చి మార్చి చూశాడు. ఇంకో గడిలో ఇంకో చుక్క వేశాడు. మందు కాస్త ఎక్కువే వేశాడు. ముగ్గురూ చూశారు. చుక్క విరగలేదు.

సువార్తమ్మ లేచి నిలబడింది. సూది గుచ్చిన చోట రక్తపు బొట్టుని కొంగుతో అద్దుకుంది.

“మళ్ళీ ఎప్పుడొస్తారు బాబూ, నెత్తురు చూట్టానికి?”

“వచ్చే నెలలో రావచ్చు. ఎందుకు?”

ఆమె చీర మోకాళ్ళ మీదికి ఎగదోపుకుని, పాక వెనక్కి నడిచింది. పొద్దున ఈసుకుపోయిన గేదె కింద తడిసిన గడ్డి ఇంకా ఎత్తలేదు. తోమాసు “దిగమాకే, దాన్ని ముట్టుకోమాకే,” అన్నాడు. పళ్ళు కొట్టుకోవడంతో మాట బయటికి సరిగ్గా రాలేదు. లేవబోయి మళ్ళీ మంచం మీద పడ్డాడు. డాక్టరు గాజుపలక చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సువార్తమ్మ వంగి, వట్టి చేతులతో ఆ గడ్డిని పోగుచేసి, గుండెలకి ఆనించుకుని ఎత్తుకుంది.